సీమలో మానవశాస్త్రాధ్యయనము



ఇంజనీరింగు చదువుటకో, వైద్యము నభ్యసించుటకో మన పిల్లలు సముద్రములు దాటి పోవుట నేడు వింత గాదు. ఊరి కొకరైనను అట్టివారు కలరు. కాని "మా అమ్మాయి సాంఘిక మానవశాస్త్రములో ఎమ్మెస్సీ చదువుటకు లండనునకు బోవుచున్నది" అని ఒక తండ్రి చెప్పినచో, విన్నవారు వెంటనే రెండు ప్రశ్నలు వేయుదురు. ఆ శాస్త్ర మెట్టిది? దానివలన కూడు దొరకునా? ఈ రెండింటికిని నాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పి, వీనికంటె ముఖ్యమని నాకు తోచిన మూడవ ప్రశ్న నొకదానిని మీ ముందుంచవలెనని నా యుద్దేశము. ఆ ప్రశ్న యిది: మన బ్రతుకులను గూర్చి వ్రాయవలసినవా రెవరు?

నేను ఈ శాస్త్రమున నిష్ణాతుడను గాను. గురువుగారి యింట నుండి కావ్యములును, కొంత వ్యాకరణమును, కొంత తర్కమును చదివికొని, ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పితిని. నాయొద్ద చదివిన బాలిక యొకతె కొన్నేండ్ల క్రిందట లండనులో ఈ పట్టము పొంది వచ్చినది. ఆమె వ్రాసిన యుత్తరములకు బదులు వ్రాయవలెనన్న ఆమె చదువు పుస్తకములను నేనును చదువవలసి వచ్చెను. ఆ పరిచయమే నేడు నన్ను మీ యెదుట మాటలాడించుచున్నది.

మొదట శాస్త్రస్వరూపము. మనుష్యుని యెముకలను, పుఱ్ఱెలను కొలుచు శాఖ యొకటి కలదు, అది వేఱు. సాంఘిక మానవశాస్త్రము మనుష్యులు కలసి బ్రతుకు తీరును పరిశీలించును. ఎవరి నెవరు పెండ్లాడవచ్చును, ఎవరితో నెవరు భుజింతురు, పొలము తండ్రినుండి యెవరికి సంక్రమించును, తగవు వచ్చినచో తీర్చువా రెవరు, చనిపోయినవారికి బ్రతికియున్నవా రేమి చేయుదురు, ఇచ్చిన కానుక తిరిగి యెప్పుడు రావలెను - ఇట్టి విషయములు దాని కాధారములు. ఇవి యన్నియు మనకు తెలిసినవే గదా యని మీ రనవచ్చును. తెలిసినవే. కాని వ్యాకరణము చదువకమున్నే మనము మాటలాడుచున్నాము. మాటలాడుట వేఱు, మాటలోని కట్టుబాటు నెఱుగుట వేఱు. సంఘమునకును అట్టి వ్యాకరణ మొకటి కలదని ఈ శాస్త్రజ్ఞులు నమ్ముదురు.

ఈ శాస్త్రము పుట్టిన తొలినాళ్లలో పండితులు ఇంటిలో కూర్చుండియే లోకమునంతయు వర్ణించిరి. కేంబ్రిడ్జిలోని జేమ్స్ ఫ్రేజరు 1890లో 'ది గోల్డెన్ బౌ' అను గ్రంథమును ప్రకటించి, పిమ్మట దానిని పెక్కు సంపుటములుగా పెంచెను. ఆయన ఆధారములు ప్రధానముగా పూర్వగ్రంథములును, మిషనరీలు, ప్రయాణికులు, దొరలు వ్రాసి పంపిన సమాచారములును. ఈ పద్ధతిని మార్చినవారిలో ముఖ్యుడు బ్రానిస్లావ్ మలినోవ్‌స్కీ. 1884లో క్రాకో నగరమున పుట్టిన పోలిష్ జాతీయుడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివి, 1914లో న్యూగినీ ప్రాంతమునకు వెళ్లెను. అంతలో ప్రపంచయుద్ధము వచ్చినది. ఆయన ఆస్ట్రియా ప్రజ యగుటచే శత్రుదేశీయు డయ్యెను. అయినను ఆస్ట్రేలియా ప్రభుత్వమువారు పరిశోధన సాగించుకొన నిచ్చిరి. 1915 మొదలు 1918 వఱకు రెండు విడుతలుగా, ఇంచుమించు రెండు సంవత్సరములు, ట్రోబ్రియాండు దీవులలో గ్రామము నడుమ గుడారము వేసికొని కాపురముండెను. అచ్చటి భాష నేర్చెను. వారు దీవినుండి దీవికి పడవలపై పోయి, ఎఱ్ఱని గవ్వహారముల నొక దిక్కుగా, తెల్లని గవ్వకడియముల నెదురు దిక్కుగా త్రిప్పుచుండు 'కులా' అను మాఱకమును వర్ణించి, 1922లో గ్రంథమును వెలువరించెను. మన 'కుల' శబ్దమునకును దీనికిని సంబంధము లేదు. ఆ హారము నెవరును శాశ్వతముగా నుంచుకొనరు; కొంతకాలము ధరించి మఱియొకరి కిచ్చివేయుదురు. దానివలన వచ్చునది ధనము గాదు, మైత్రియు కీర్తియును.

నాకు నచ్చిన సంగతి యేమనగా, అంతటి విద్వాంసుడు అక్షరము లెఱుగని దీవివాసుల యొద్ద శిష్యు డయ్యెను. మా కాలమున విద్యార్థి గురువు ఇంటిలో నుండి, వారు తినునది తిని, వారి పలుకుబడి వినుచు నేర్చుకొనెడివాడు. ఈ క్షేత్రవాసము ఆ గురుకులవాసమే. గురువు లచ్చట ఊరివారందఱును. దుబాసీని నమ్మి వ్రాసినది చాలదు, ఆ జనుల మాట నోట పలుకవలెనని ఆయన పట్టుపట్టెను. తెలుగు చెప్పి బ్రతికిన నాకు ఆ మాట చెవికి ఇంపుగా నుండెను.

ఇక నేటి చదువు. ఇంగ్లండులో ఈ ఎమ్మెస్సీకి సాధారణముగా ఒక్క సంవత్సరము. శరత్కాలమున మొదలై, రెండు విడుతలు పాఠములు, పిదప పరీక్షలు, వేసవియందు సుమారు పదివేల మాటల సిద్ధాంతవ్యాసము. పాఠము చెప్పు గంటలు తక్కువ. చదువవలసిన పుటలు ఎక్కువ. వారమునకు రెండుమూడు గ్రంథభాగములు చదివి, చిన్న గోష్ఠిలో పదిపండ్రెండుమంది నడుమ కూర్చుండి, గ్రంథకర్త యేమనెనో, ఎందు కనెనో, ఎచ్చట తప్పెనో చెప్పవలెను. మా శిష్యురాలు మొదటి నెలలో నాకు వ్రాసిన దేమనగా: "మాస్టారూ, ఇక్కడ పుస్తకములోనిది అప్పగించినచో ఎవరును మెచ్చరు, ఒప్పుకొననిచో కారణ మడుగుదురు." మన శాస్త్రార్థసభలలోని పూర్వపక్ష సిద్ధాంతముల తీరు ఇదియే, భయపడ వలదని బదులు వ్రాసితిని.

తల్లిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు. ఈ ఒక్క యేటి చదువులో దీర్ఘమైన క్షేత్రవాసము ఇమిడియుండదు. ఏడాదియో అంతకు మించియో ఒక గ్రామమున నుండి చేయు పరిశోధన పిహెచ్.డి. చేయువారిది. ఎమ్మెస్సీ యనునది ఆ కార్యమునకు కన్ను తెఱపించు నభ్యాసము మాత్రమే. పేరుపొందిన విశ్వవిద్యాలయములలో విదేశీయుల కగు రుసుము ఇరువదివేల పౌనులకు తక్కువ గాదు. బస, భోజనము వేఱు. కామన్‌వెల్తు విద్యార్థివేతనములు, ఫెలిక్స్ విద్యార్థివేతనములు మొదలైనవి కలవు గాని, దొరకువారు కొలదిమంది. ఉద్యోగమందురా, కళాశాలలో చెప్పుటకు మఱల పిహెచ్.డి. కావలెను. గిరిజనపరిశోధనసంస్థలు, వస్తుప్రదర్శనశాలలు, ప్రజారోగ్యకార్యములు, స్వచ్ఛందసంస్థలు వీరికి పని యిచ్చుచున్నవి. అప్పు చేసి పోయినవారికి ఆ యప్పు రెండేండ్లలో తీరునని మాట యిచ్చు చదువు మాత్రము కాదు. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను, తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయములోను, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములోను ఈ శాస్త్రము చాల తక్కువ వ్యయముతో చదువ వచ్చును. అట్లయిన సీమకు పోవు టెందు కందురేమో! మా శిష్యురాలి యనుభవ మొకటి చెప్పెదను.

ఒకనాడు తరగతిలో అధ్యాపకుడు బల్లమీద త్రిభుజములును, వృత్తములును గీసెనట. త్రిభుజము పురుషుడు, వృత్తము స్త్రీ, రెండు సమాంతర రేఖలు వివాహము. పైని 'ద్రావిడ బంధుత్వము' అని వ్రాసెను. చూడగా నది మన యింటి చుట్టఱికమే. తండ్రి సోదరులు మనకు పెదతండ్రి, పినతండ్రి. తల్లి సోదరీమణులు పెదతల్లి, పినతల్లి. వారి బిడ్డలు మనకు అన్నలు, అక్కలు, తమ్ములు, చెల్లెండ్రు. కాని తల్లి సోదరుడు మామ, తండ్రి సోదరి అత్త. వారి బిడ్డలు బావలు, వదినెలు, మఱదండ్రు, బావమఱదులు. పిల్లనిచ్చినవాడును మామయే, ఆయన యిల్లాలును అత్తయే. అనగా ఎవరిని పెండ్లాడ వచ్చునో, ఎవరిని పెండ్లాడ రాదో మన పిలుపులలోనే యున్నది. ఇంగ్లీషువానికి వీరందఱును అంకుళ్లు, ఆంటీలు. వారి బిడ్డలందఱును కజిన్లు. ఆ యొక్క మాటలో చెల్లెలును, మఱదలును కలసిపోయిరి!

ఈ భేదమును అమెరికావాడైన మోర్గను 1871లో ప్రకటించిన గ్రంథమున తమిళము, తెలుగు మొదలగు భాషల బంధువాచకముల పట్టికలతో చూపెను. ఫ్రెంచి పండితుడు లూయీ డ్యూమో 1953లో, ఈ పదముల యమరిక వివాహసంబంధమునే తెలుపుచున్నదని వ్యాసము వ్రాసెను. వారికి ఎన్నో శతాబ్దములకు ముందే బౌధాయనుడు తన ధర్మసూత్రమున మేనమామ కూతును, మేనత్త కూతును పెండ్లాడుట దాక్షిణాత్యుల యాచారమని పేర్కొనియున్నాడు. ఆ సంగతి నేను వ్రాయగా, ఆమె దానిని తరగతిలో చెప్పినదట.

అంతటితో ఆగలేదు. ఆ గోష్ఠిలో ఘానా దేశపు యువకుడును, బ్రెజిలు దేశపు యువతియును తమ తమ యిండ్ల పిలుపులను చెప్పిరి. అవి వినినపుడు ఈమెకు మన 'వరుస' అను మాట కొత్తగా కనబడెను. మన పల్లెలలో రక్తసంబంధము లేనివారును, వేఱు కులమువారును వరుసలు కలుపుకొందురు. రైతు కుమ్మరిని మామా యనును, మంగలి యిల్లాలిని అక్కా యనును. ఆ పటములో ఈ వరుసలకు చోటు లేదు. ఈమె ఆ సంగతి చెప్పగా అధ్యాపకుడు సుద్ద క్రింద పెట్టి వినెను. కాని ఆమె తన్ను తాను మఱియొక ప్రశ్న వేసికొన్నది. ఆ వరుస ఊరిలో ఎంతదూరము పోవును? ఏ వాకిటికడ ఆగును? ఊరిచివఱ పేటలోని యఱువదేండ్ల వృద్ధుని, పదేండ్ల పిల్లవాడు పేరుపెట్టి ఏకవచనమున పిలిచిన రోజులు నేనెఱుగుదును. ఆ వృద్ధుడు ఆ పిల్లవానిని అయ్యా యని పిలిచెను. మామా, అత్తా యను తీయని మాటలు ఊరినంతటిని ఒక కుటుంబముగా కట్టుచున్నవని మన మందుము. ఆ కుటుంబమునకు గోడ యొకటి కలదని కూడ ఆ మాటలే చెప్పును. ఆమె సిద్ధాంతవ్యాసము ఈ విషయముమీదనే.

ఇది మన యూరిలో నుండియే కనుగొనరాదా? కనుగొన వచ్చును. కాని కన్ను లోకము నంతటిని చూడగలదు గాని, తన్ను తాను చూచుకొనుటకు దానికి అద్దము కావలెను. ఇతరుల ఆచారముల నడుమ కూర్చున్నపుడు మన యాచారము మనకు కనబడును. సీమచదువు వలన నిజమైన లాభ మిదియే.

ఇప్పు డొక పూర్వపక్షము. ఈ శాస్త్రము పాలకుల శాస్త్రము గదా! తెల్లవారు తమ యేలుబడిలోని జనులను పురుగులను పరీక్షించినట్లు పరీక్షించి వ్రాసినది గదా! ఈ యాక్షేపమున బలము కలదు. మలినోవ్‌స్కీ దీవులలో నున్నపుడు రహస్యముగా వ్రాసికొన్న దినచర్య ఆయన మరణానంతరము 1967లో అచ్చు పడెను. అందు ఆ జనులపై విసుగును, తిరస్కారమును తెలుపు మాట లెన్నియో కలవు. ఆక్స్‌ఫర్డులోని పిట్ రివర్స్ ప్రదర్శనశాలలో ఏనాటినుండియో చూపబడుచుండిన మనుష్యుల శిరస్సులు మొదలగు వానిని 2020లో ఆ సంస్థవారే తీసివేసిరి. ఒకరి తాతల తలలు మఱియొకరికి వినోద మగుట తగదని వారికి తోచెను. ఈ దోషములను ఆ విద్యార్థులకు నేడు ఆ తరగతులలోనే చెప్పుచున్నారు.

మన తెలుగునేలమీదనే ఈ శాస్త్రపు రెండు ముఖములును కనబడుచున్నవి. వియన్నాలో 1909లో జన్మించిన హైమెండార్ఫు లండనులో మలినోవ్‌స్కీ గోష్ఠిలో కూర్చున్నవాడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆయన శత్రుదేశపు పాస్‌పోర్టు గలవా డగుటచే నైజాము రాష్ట్రమున నిలిచిపోవలసి వచ్చెను. ఆ నిర్బంధమునే తపస్సుగా చేసికొని నల్లమల చెంచులతోను, గోదావరీతీరపు కొండరెడ్లతోను, ఆదిలాబాదు గోండులతోను నివసించి మూడు గ్రంథములను 1943, 1945, 1948 సంవత్సరములలో వెలువరించెను. 1940లో జోడేఘాటులో కుమ్రం భీము మరణించిన పిదప, గోండుల కష్టములకు కారణ మరయుటకు ప్రభుత్వము ఆయనను నియోగించెను. భూములు పోగొట్టుకొన్నవారికి పట్టా లిప్పించుటకును, మార్లవాయిలో గోండీభాషతో చదువు చెప్పించుటకును ఆయన పాటుపడెను. ఆయన భార్య బెట్టి సమాధి ఆ మార్లవాయిలోనే కలదు. గోండులు నేటికిని ఆ దంపతులను స్మరింతురు. అయినను 1982లో ఆయన వ్రాసిన గ్రంథము చూడుడు: అట్లు లభించిన భూములు మఱల చేజారుచున్నవని అందు దుఃఖించెను. అట్లు మేలుచేసిన శాస్త్రజ్ఞుడును ప్రభుత్వము పంపగా వచ్చినవాడే. గోండుల మాట గోండువాని కలమునుండి రాలేదు.

అందువలననే చూడబడువాడు చూచువా డగుట ఈ శాస్త్రచరిత్రమున గొప్ప మలుపు. కెన్యా దేశస్థుడైన జోమో కెన్యాట్టా లండనులో మలినోవ్‌స్కీకి శిష్యుడై, తన కికూయూ జాతిని గూర్చి తానే 1938లో గ్రంథము వ్రాసెను. గురువు దానికి పీఠిక వ్రాసెను. తరువాత నతడు తన దేశమునకు అధ్యక్షు డయ్యెను. మైసూరువాడైన ఎమ్.ఎన్. శ్రీనివాస్ 1945లో ఆక్స్‌ఫర్డునకు బోయి, 1947లో డాక్టరు పట్టము పొంది, స్వదేశమునకు వచ్చి 1948లో మైసూరు సీమలోని యొక పల్లెలో నివసించెను. ఆ పల్లెను గూర్చి ఆయన సిద్ధపఱచుకొన్న వ్రాతల ప్రతులు మూడును 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డున దుండగులు పెట్టిన నిప్పులో కాలిపోయెను. ఆయన క్రుంగిపోక జ్ఞాపకమునుండియే ఆ పల్లెను మఱల నిర్మించి, 1976లో గ్రంథముగా ప్రకటించెను. కాగితము కాలినను పల్లె మనస్సులో నిలిచియుండెను. అచ్చట నిజముగా బ్రతికినవానికే అది సాధ్యము.

వీరందఱికంటె ముందు, 1916 మే 9వ తేదీని, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున గోల్డెన్‌వైజరు అను నాచార్యుని మానవశాస్త్రగోష్ఠిలో ఇరువదియైదేండ్ల భారతీయ విద్యార్థి యొకడు వ్యాసము చదివెను. ఆయన అంబేడ్కరుగారు. బరోడా మహారాజుగారి విద్యార్థివేతనముతో పోయి, 1915లో అచ్చటనే ఎమ్.ఏ. పట్టము పొందియుండెను. కులమునకు ప్రాణము తమలో తామే పెండ్లాడు నియమ మని, బాల్యవివాహము, వైధవ్యనిర్బంధము, సహగమనము అనునవి ఆ నియమమును కాపాడుటకు ఏర్పడిన కట్టుబాట్లని ఆయన వాదించెను. కులముచేత బాధింపబడినవాడే కులమును శాస్త్రముగా చూచి చెప్పిన దినమది. ఆ వ్యాసమును నేటికిని ప్రపంచమున విద్యార్థులు చదువుచున్నారు.

ఇక నా మూడవ ప్రశ్న. షెడ్యూల్డు కులములవారికి, సంచారజాతులవారికి, భూమిలేని వ్యవసాయ కార్మికుల బిడ్డలకు, చేతిపనివారి బిడ్డలకు విదేశములలో చదువుటకై కేంద్రప్రభుత్వము జాతీయ విదేశ విద్యార్థివేతనము నేర్పఱచినది. అది మెచ్చదగిన కార్యము. కాని 2022లో ఆ నియమావళియందు భారతీయ సంస్కృతి, వారసత్వము, చరిత్ర, భారతదేశమునకు సంబంధించిన సాంఘికపరిశోధన - ఈ విషయములకు ఆ వేతనము వర్తింపదని చేర్చిరి. వీనికి కావలసిన సామగ్రి మన దేశముననే కలదు గదా యనునది వారి పక్షపు వాదము. సామగ్రి ఇచ్చట కలదనుట సత్యమే. 1916లోను ఇచ్చటనే యుండెను. ఆనాడు బరోడా సంస్థానమువారు "ఏమైనను చదువుము, నీ దేశపు సంఘమును గూర్చి మాత్రము చదువకుము" అని నియమించియున్నచో ఆ వ్యాసము పుట్టియుండునా? ధనవంతుని బిడ్డ తన ధనముతో పోయి మన పల్లెను గూర్చి వ్రాయవచ్చును. విదేశీయుడు వచ్చి వ్రాయవచ్చును. ఊరిచివఱ పేటలో పుట్టిన బిడ్డకు మాత్రము ఆ వేతనముతో ఆ త్రోవ మూయబడుట న్యాయమా? పెద్దలు దీనిని పునరాలోచింపవలెనని వినయపూర్వకముగా కోరుచున్నాను.

పోదలచిన యువతీయువకులకు మూడు మాటలు. మొదటిది, మీ భాషను గట్టిగా నేర్చికొని పొండు. ఇంగ్లీషు వచ్చిన వారచ్చట వేలకొలది యుందురు. పల్లెతెలుగును, గోండీని, కోయమాటను, సవరమాటను ఎఱిగినవాడు మాత్రము అరుదు. రెండవది, ఇతరుల బ్రతుకులను వ్రాయుటకు ముందు వారి యనుమతి యడుగుడు. వ్రాసినపిదప వారికి వారి భాషలో చదివి వినిపింపుడు. మా శిష్యురాలు తన వ్యాసమును తెలుగులో చెప్పి, తా నడిగినవారి కందఱికిని వినిపించినది. ఊరిచివఱ పేటలోని వృద్ధురాలొకతె విని, "అమ్మా, ఇది మాకు తెలిసినదే, ఇన్నాళ్లకు మీకు తెలిసినది" అనెనట. ఆ పరీక్షకుల మార్కులకంటె ఆ మాట గొప్పదని నేను తలంతును. మూడవది, మీ యింటిని కూడ పరిశీలింపుడు. కొండవానిని, బీదవానిని చూచుట సులభము. మన వాకిలిని మనము చూచుకొనుట కష్టము. ఆ కష్టమున కోర్చినవానికే ఈ శాస్త్రము ఫలించును.

మనలను గూర్చి ఎవరైనను వ్రాయవచ్చును. సత్యమునకు కులము లేదు, దేశము లేదు. అయితే వ్రాయబడువారికిని కలమును, దానిని పట్టు చదువును అందవలెను. అది సమకూర్చు భారము తల్లిదండ్రులదియు, ఉపాధ్యాయులదియు, ప్రభుత్వముదియు.